గోడ అడగని ప్రశ్న

"నిన్న గంట అన్నావు, గంటన్నర అయింది. మొన్న అరగంట అన్నావు, గంట దాటింది. నీ పన్నెండు పాఠాలూ పూర్తయ్యేసరికి నేను కుట్టడం మర్చిపోతాను," అన్నాడు దర్జీ, కుట్టుమిషను తొక్కుడు మీద నుంచి కాలు తీయకుండానే.

"మధ్యలో మీ మిషను టకటకలాడుతుంటే పిల్లలకు నా మాటేం వినపడుతుందండీ?" అంది భార్య. చేతిలో సెలైన్ గొట్టం చుట్ట, భుజాన ఇస్త్రీ చేసిన తెల్లకోటు. ఆమె నర్సింగ్ కాలేజీలో టీచరు.

"సోమవారానికి నలభై యూనిఫారాలు ఇవ్వాలి. గుండీలు లేకుండా వెళ్తారా బడికి?"

"ముందు నా ఫ్యాను సంగతి తేల్చండి," అని మంచం మీద నుంచి అత్తగారు అందుకుంది. "మిషను ఆపుకుంటారో, నడుపుకుంటారో మీ ఇష్టం. ఫ్యాను ఆపితే మాత్రం ఊరుకోను. నిన్న ఉడికిపోయాను."

"నానమ్మా, ఫ్యాను చప్పుడు మైకులో హెలికాప్టర్‌లా వస్తోంది," అంది మనవరాలు. పదహారేళ్లది. ఫోనును స్టాండుకు బిగించడం, వీడియో సరిచేయడం, కాలేజీవాళ్ల పేజీలో పెట్టడం అన్నీ దాని పనే.

"రానీయ్. మీ అమ్మ హెలికాప్టర్లో కూర్చుని పాఠం చెప్తోందనుకుంటారు. గొప్పేగా!"

దర్జీ నవ్వాపుకోలేకపోయాడు. ఆ నవ్వుతోనే తగువు సగం తెగింది. చివరికి ఆయన దారపు ఉండలు కొనుక్కొస్తానని బజారుకు బయల్దేరాడు. అత్తగారు విసనకర్ర పట్టుకుని వరండాలోకి మారింది. "ఈ కలగలుపు చదువేమో గానీ, ఇంట్లోవాళ్లందరం వీధిలో పడ్డాం," అని గొణిగింది. మనవరాలు ఫోను బిగించి, తలుపు బయట నుంచి దగ్గరగా వేసింది.

గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. ఎదురుగా ఫోను, దాని వెనక గోడ.

యాభైఎనిమిది మంది పిల్లల ముందు గంటలకొద్దీ నిలబడే మనిషికి ఆ ఫోను ముందు కాళ్లు వణికేవి. క్లాసులో ఎవరి కనుబొమ్మ ముడిపడిందో, ఎవరు రాసింది కొట్టేస్తున్నారో చూసుకుంటూ మాట్లాడడం ఆమెకు అలవాటు. ఇక్కడ చూడ్డానికి ఒక్క మొహం లేదు. అద్దం వెనక నల్ల గుండ్రం ఒకటి రెప్ప వేయకుండా ఆమెనే చూస్తూ ఉంటుంది.

భయానికి ఇంకో కారణం కూడా ఉంది. పదిహేనేళ్లు వార్డుల్లో నర్సుగా చేసిందామె. ఆమె చెప్పే తీరు చూసి కాలేజీవాళ్లు పిలిచారు. వచ్చి ఎనిమిదేళ్లయినా, ఏడాదికోసారి కాగితం రాసిస్తే తప్ప నిలవని ఉద్యోగమే అది. మిగతా టీచర్లందరికీ పెద్ద డిగ్రీలున్నాయి, ఈమెకు లేవు. ఈ ఏడు కాలేజీ కలగలుపు చదువని కొత్త పద్ధతి పెట్టింది. పాఠం పిల్లలు ఇంట్లో వీడియోలో చూసుకోవాలి, క్లాసులో చేతులతో చేసి చూపించాలి. "ఒక్క ఏడాది హడావిడి చేసి మూలన పడేసేది కాదు, పదేళ్లు నిలబడేది కావాలి," అని ప్రిన్సిపాల్ మేడమ్ మీటింగులో చెప్పింది. ముందుగా ఎవరు చేసి చూపిస్తారంటే, డిగ్రీలున్నవాళ్లంతా తలలు వంచుకుని పుస్తకాల్లోకి చూశారు. ఈమె చెయ్యెత్తింది. పన్నెండు పాఠాలు. వచ్చే గురువారం కమిటీ వచ్చి చూస్తుంది. బాగుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే ఈ ఏడాదితో ఆమె టీచరుగిరీకి స్వస్తి.

ఆ రోజు తొమ్మిదో పాఠం. సెలైన్ చుక్కల లెక్క.

గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. గొట్టం ఎలా విప్పాలి, గాలి బుడగలు ఎలా పోగొట్టాలి, చుక్క పడే చిన్న బుడ్డిని సగం దాకా ఎలా నింపాలి. చేతులు వాటంతటవే చేసుకుపోయాయి. తర్వాత లెక్క.

"డాక్టరు గంటకు ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించమన్నారో చూడండి. దాన్ని నాలుగుతో భాగించండి. నిమిషానికి అన్ని చుక్కలు పడాలి. గంటకు వంద అంటే నిమిషానికి పాతిక. అంతే. ఇంత సులువు."

అలవాటు ప్రకారం ఆగింది. తల కాస్త పక్కకు వంచి, నవ్వబోతున్నట్టు పెదవులు బిగించి ఎదురుచూసింది.

ఎదురుగా గోడ.

గోడ మీద మేకు, మేకు కింద పాత క్యాలెండరు మచ్చ. ఆ నల్ల గుండ్రం అలాగే చూస్తోంది. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియనట్టయింది. ఏదో మర్చిపోయాననిపించింది. బయట అత్తగారు దగ్గింది. ఆయన వచ్చేస్తారు, మిషను మొదలవుతుంది. "సరే. ఇక సూది చోటు ఎలా శుభ్రం చేయాలో చూద్దాం," అని గబగబా ముందుకెళ్లిపోయింది.

శనివారం సాయంత్రానికి వీడియో పేజీలో ఉంది. ఆదివారం రాత్రికి యాభైఏడు మంది చూశారు. "అమ్మా, ఎవరో నాలుగుసార్లు చూశారే. నీకు అభిమానులు కూడానా!" అంది కూతురు. ఆమె మురిసిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

సోమవారం పొద్దున ఇంట్లో ఉండగలగడం కొత్త పద్ధతిలో ఆమెకు దొరికిన సుఖం. పిల్లలు ఏడింటికే ఆసుపత్రి వార్డుల్లో డ్యూటీకి వెళ్తారు, కాలేజీలో క్లాసుండదు. చేతులతో చేయించే క్లాసు బుధవారం, ప్రాక్టికల్ గది అప్పుడే ఖాళీ. ఆ టైంటేబులు ఆమే వేసింది.

తొమ్మిదిన్నరకు వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందుగదిలో మిషను నడుస్తోంది. అత్తగారు సాయంత్రం ఇవ్వాల్సిన యూనిఫారాలకు గుండీలు కుడుతూ, కోడలి వీడియోలు చూస్తోంది. ఎప్పుడూ అంతే. "ఇంట్లో నాలుగు మాటలు కూడా మాట్లాడవు, ఇందులో ఎన్ని కబుర్లు చెప్తావో!" అంటుంది.

"అమ్మాయ్," అని పిలిచింది. "చుక్కలన్నీ ఒకే సైజుంటాయా?"

"ఏ చుక్కలత్తయ్యా?"

"నీ సెలైన్ చుక్కలే. నా కంటిమందు చుక్క చిన్నది. దగ్గుమందు చుక్క పెద్దది. అన్నిటికీ నాలుగుతో భాగించమన్నావుగా. చంటిపిల్లలకు కూడా అంతేనా?"

ఆమె చేతిలోని గిన్నె జారి తొట్టిలో పడింది.

చంటిపిల్లలకు కూడా అంతేనా మేడమ్?

ఎనిమిదేళ్లుగా, ప్రతి ఏడూ, సరిగ్గా అదే చోట ఆమె ఆగుతుంది. కావాలనే ఆగుతుంది. సగం మాట చెప్పి, అంతా అయిపోయినట్టు మొహం పెట్టి, తల వంచి ఎదురుచూస్తుంది. ఎప్పుడూ ఎవరో ఒకరు లేస్తారు. పిల్లలకు కూడా అంతేనా అని అడుగుతారు. అప్పుడు జేబులోంచి రెండో సెట్టు, అంటే చుక్కబుడ్డితో ఉన్న ఇంకో గొట్టం, తీస్తుంది. పిల్లల సెట్టు. "అదీ! ఇప్పుడు అడిగారు నర్సులు!" అంటుంది. పెద్దల సెట్టులో పదిహేను చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. పిల్లల సెట్టులో అరవై చుక్కలు పడాలి. కాబట్టి పిల్లలకు భాగించనే కూడదు, గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు. తామే అడిగి రాబట్టుకున్న మాట కాబట్టి క్లాసులోవాళ్లు దాన్ని చచ్చినా మర్చిపోరు. పాఠంలో అసలు ముక్క అదే.

గోడ అడగలేదు. ఆమె చెప్పలేదు.

"ఈ రోజు పిల్లల వార్డుకు ఎవరెళ్లారు?" అని తనలో తనే పైకి అనేసింది. తడి చేతులతోనే గోడకున్న డ్యూటీ కాగితం దగ్గరికి పరిగెత్తింది. పిల్లల వార్డు, ఒక్కరే. మౌనమ్మ. క్లాసులో అందరూ పెట్టిన పేరది. వెనక బెంచీలో కూర్చుని, చెప్పిన ప్రతి అక్షరం రాసుకుంటుంది. రెండేళ్లలో ఒక్క ప్రశ్న అడగలేదు.

మౌనమ్మకు ఫోన్ చేసింది. డ్యూటీలో ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మోగి మోగి ఆగిపోయింది. వార్డు నంబరు చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్. వేళ్లు సరిగ్గా ఆనక తప్పు నంబరు నొక్కితే ఎవరో మగాయన ఎత్తి, "ఎవరమ్మా?" అన్నాడు.

"ఏమైందే? మొహం అలా పాలిపోయింది?" అన్నాడు దర్జీ మిషను ఆపి.

"ఆసుపత్రికి. ఇప్పుడే. బండి తీయండి."

"ఎవరికేమైంది?"

"తెలీదు. ఎవరికీ ఏమీ కాకూడదు. తీయండి ముందు!"

సెలవుకు ఇంట్లోనే ఉన్న కూతురితో, "ఆ వీడియో ఇప్పుడే తీసెయ్. ఒక్క క్షణం కూడా ఉంచకు," అని చెప్పులేసుకుంటూనే అరిచింది. గుండీ చేతిలో పట్టుకుని అత్తగారు బిక్కచచ్చిపోయి చూస్తోంది. "నేనేమైనా తప్పడిగానా?" అన్న ఆవిడ మాట బండి చప్పుడులో కలిసిపోయింది.

ఇంటి నుంచి ఆసుపత్రి పావుగంట. ఆ పావుగంటా ఆయన వీపు మీద చొక్కాను గుప్పిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది. సిగ్నలు దగ్గర ఎర్రదీపం కింద అంకెలు ఒక్కొక్కటిగా తగ్గుతున్నాయి. ముప్పైఎనిమిది. ముప్పైఏడు. అంకె చూస్తే చుక్క, చుక్క చూస్తే అంకె. నాలుగుతో భాగిస్తే పావు వంతు. చంటిబిడ్డకు ఎక్కాల్సిన నీరులో పావు వంతే ఎక్కుతుంది. వాంతులతో, విరేచనాలతో వచ్చిన బిడ్డయితే? ఎన్ని గంటల నుంచి? ఆ తర్వాత ఆలోచించబోతే తల పనిచేయలేదు.

"ఏం కాదులే," అన్నాడాయన వెనక్కి తిరగకుండా. ఏమైందో ఆయనకింకా తెలియదు.

పిల్లల వార్డు రెండో అంతస్తులో. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కింది. తలుపు తోయగానే డెట్టాల్ వాసన, చంటిపిల్లల ఏడుపులు. ఏడుస్తున్నవాళ్లను చూస్తే ఆమెకు భయం వేయలేదు. ఏడ్చేవాళ్లకు ఓపికుంది. ఏడవనివాళ్ల కోసం వెతికింది.

కిటికీ పక్కన ఆరో మంచం. రెండేళ్ల పాప. కళ్లు లోపలికి పోయి, పెదాలు ఎండిపోయి, తల్లి చేతి మీద తలవాల్చి మగతగా ఉంది. స్టాండుకు సీసా వేలాడుతోంది. కాళ్ల దగ్గర చీటీలో డాక్టరు రాత: గంటకు నలభై మిల్లీలీటర్లు. ఆ చుక్క పడే బుడ్డిలో సన్నని సూదిలాంటి మొన ఉంది. పిల్లల సెట్టు.

గడియారం చూసుకుంటూ లెక్కపెట్టింది. ఒక చుక్క. ఎంతసేపటికీ రెండోది రాలేదు. వచ్చింది. ఆరు సెకన్లకొకటి. నిమిషానికి పది.

నలభైని నాలుగుతో భాగిస్తే పది. ఆమె చెప్పినట్టే. తు.చ. తప్పకుండా.

"ఎన్నింటికి పెట్టారమ్మా ఇది?" అని తల్లిని అడిగింది.

"ఏడున్నరకండి. ఆ చిన్న నర్సమ్మ పెట్టింది. ఎంత ఓపికో! రెండుసార్లొచ్చి గడియారం చూసి లెక్కపెట్టుకుని వెళ్లింది. మీరు పెద్ద డాక్టరాండీ?"

ఆమె గొట్టం మీద చక్రం తిప్పి, చుక్కలు నిమిషానికి నలభై పడేట్టు సరిచేసింది. తర్వాత, "అక్కా!" అని కేకేసింది.

వార్డు సిస్టర్ ఆమెతో కలిసి పన్నెండేళ్లు పనిచేసిన మనిషి. ఆ కేక ఎలాంటిదో ఆమెకు తెలుసు. చేతిలో ట్రే అక్కడే పెట్టేసి వచ్చింది. చీటీ చూసింది, సెట్టు చూసింది, గడియారం చూసింది. "డాక్టర్ని పిలువు," అని ఆయాను పంపింది.

చిన్న డాక్టరు వచ్చి, పాప పొట్ట మీద చర్మం పట్టి వదిలాడు. అది వెంటనే సర్దుకోలేదు. నాడి చూశాడు. ఎక్కించాల్సింది పెంచి రాశాడు. "రెండున్నర గంటలు," అన్నాడు మెల్లగా. "మధ్యాహ్నం దాకా ఇలాగే నడిచి ఉంటే..." తల్లి వింటోందని ఆగాడు.

మౌనమ్మ మంచం అవతల నిలబడి ఉంది. అప్పుడే ఎక్కడి నుంచో పక్కగుడ్డలు తెచ్చినట్టుంది, ఆ మూట గుండెలకు అదుముకుని పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

తర్వాత రెండు గంటలకు పైగా టీచరమ్మ ఆ మంచం పక్క స్టూలు మీదే కూర్చుంది. కాళ్లలో వణుకు తగ్గలేదు. చుక్కలు లెక్కపెట్టడం ఆపలేకపోయింది, సరిగ్గా పడుతున్నా సరే. తల్లి మాటిమాటికీ, "పెద్దమ్మా, పర్వాలేదంటారా?" అంటోంది. పర్వాలేదనే హక్కు తనకుందా అనిపించింది. పాప చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. రుద్దింది. దర్జీ కింద చెట్టు నీడన బండి మీద కూర్చుని, అరగంటకోసారి ఫోన్ చేసి "ఏమంటున్నారు?" అంటున్నాడు. "ఇంకా ఏమీ అనలేదండీ," అంటోంది.

పన్నెండున్నరకు పాప కళ్లు తెరిచి, సన్నగా, కోపంగా ఏడ్చింది. సిస్టర్ వంగి గుడ్డ తీసి చూసింది.

"తడిపింది!" అంది. "తడిపేసిందే, నా తల్లి!"

ఒంట్లో నీరు నిలబడిందన్నమాట. తల్లి ఏమీ అర్థం కాక నవ్వింది. టీచరమ్మ గోడ పట్టుకుని వరండాలోకి వెళ్లి, అక్కడున్న బల్ల మీద కూలబడింది. అప్పుడొచ్చాయి కన్నీళ్లు.

సిస్టర్ వచ్చి పక్కన కూర్చుంది.

"మా స్టాఫ్ నర్సు చూడకుండానే చూశానని సంతకం పెట్టింది. దాని సంగతి నేను చూసుకుంటా," అంది. "కానీ నీ పిల్ల పేరు కూడా రాయక తప్పదే. తప్పుల పుస్తకంలో రాస్తేనే నాకు కుదురుతుంది. చక్రం తిప్పిన చెయ్యి దానిది."

"రాస్తే ఏమవుతుందక్కా?"

"తెలీనట్టు అడుగుతావేం? దాని డ్యూటీ పుస్తకంలో ఎర్ర గీత. పిల్లల వార్డు మళ్లీ మొదట్నుంచీ చేయాలి. ఈ ఏడు పరీక్ష లేనట్టే. రేపు పొద్దున పెద్ద డాక్టరు రౌండ్సుకొచ్చే లోపు రాసి పెట్టాలి." లేచి నిలబడుతూ, "అసలు అది నాలుగుతో ఎందుకు భాగించిందో. అడిగితే ఉలకదు, పలకదు," అంది.

ఆ క్షణంలో చెప్పేయొచ్చు. నోటిదాకా వచ్చింది. కానీ గురువారం, కమిటీ, ఏడాది కాగితం, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిస్టర్ వెళ్లిపోయింది.

మౌనమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"ఇలా రా," అంది టీచరమ్మ. "వీడియో చూశావా?"

"నాలుగుసార్లు చూశాను మేడమ్."

నాలుగుసార్లు చూసింది ఈ పిల్లా!

"మీరు ఒకచోట ఆగిపోయారు మేడమ్," అంది మౌనమ్మ నేల చూపులు చూస్తూ. "పదకొండు సెకన్లు. నెట్ ఆగిందనుకున్నా. వెనక్కి తిప్పా. మళ్లీ అక్కడే ఆగారు. ఏదో అడగాలేమో అనిపించింది. కానీ ఎవర్ని అడగను, ఫోన్‌నా?"

"మరి సిస్టర్ అడిగితే, మేడమ్ వీడియోలో అలాగే చెప్పారని ఎందుకు చెప్పలేదు?"

"మీరు తప్పు చెప్పరు కదా మేడమ్," అంది ఆ పిల్ల. "నేనే సరిగ్గా విని ఉండను."

దెప్పిపొడవడం కాదు. నిజంగానే నమ్మి అంటోంది. చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు.

ఆ మధ్యాహ్నం కాలేజీలో, ప్రిన్సిపాల్ గది ఏసీ చల్లదనానికి చెమటతో తడిసిన ఆమె బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. జరిగింది జరిగినట్టు చెప్పింది. ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పాప బాగుందిగా?"

"బాగుంది మేడమ్."

"వీడియో?"

"తీసేశాం."

"ఇంకేం మరి? సరిగ్గా చెప్పి కొత్తది పెట్టండి, ఈ సాయంత్రమే. మిగతా పిల్లలకు నేను కబురు పంపిస్తా, ఏ లెక్కకైనా సెట్టు కవరు మీదున్న చుక్కల అంకె చూసి చేయమని." గొంతు తగ్గించింది. "చూడండి, ఇది మన మధ్యే ఉండనివ్వండి. కమిటీకి తెలిస్తే మొత్తం పద్ధతినే కొట్టేస్తారు. మీరు పెట్టుకున్న ఆశ ఒక్కటే కాదు, రెండేళ్ల నా ప్రయత్నం కూడా పోతుంది. ఆసుపత్రి విషయం ఆసుపత్రి వాళ్లు చూసుకుంటారు."

"ఆ అమ్మాయి పరీక్ష..."

"ఒక్క ఏడాదేగా. చిన్న వయసు."

ఆవిడ చెడ్డ మనిషి కాదు. అదే ఇంకా భయపెట్టింది. అంత మంచిగా, అంత నెమ్మదిగా చెబుతుంటే, అవునేమో అనిపిస్తోంది. తల ఊపి బయటికొచ్చేసింది.

ఇంటికొచ్చాక కొత్త వీడియో కోసం కూతురు ఫోను బిగించబోతే వద్దంది. మిషను చప్పుడు లేదు. దర్జీ కావాలనే ఆపి ఉంచాడు. అత్తగారు ఫ్యాను కూడా వేసుకోకుండా కూర్చుంది. "వేసుకోండత్తయ్యా, మీకు పుణ్యముంటుంది," అంది. కూతురి ఫోనులో మిగిలిన పాత వీడియో తీయించి చూసింది. లెక్క చెప్పింది. తల వంచింది. నవ్వబోయింది. తనకు తనే ఒక పరాయి మనిషిలా కనిపించింది. గోడ వైపు అంత నమ్మకంగా చూస్తూ ఎవరి కోసం ఆగిందో ఆ మనిషి! పదకొండో సెకనుకు కళ్లలో బెదురు మొదలైంది. అప్పుడు తప్పుకుంది. భయపడి తప్పుకుంది. ఆసుపత్రి వరండాలో సిస్టరక్క ముందూ అలాగే తప్పుకుంది. ప్రిన్సిపాల్ గదిలోనూ అంతే.

ఏడింటికి అందరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారే ముందు నోరు విప్పింది.

"నేనడగబట్టే గదా ఇంత జరిగింది."

"మీరడగబట్టే ఆ పాప బతికిందత్తయ్యా."

"అయిపోయిందిగా ఇక," అన్నాడు దర్జీ. "పాప లేచింది, ఏడ్చింది. మీ ప్రిన్సిపాల్ కూడా సరే అంది. దేనికిక దిగులు? అన్నం తిను. చొక్కా కుట్టేటప్పుడు కొలత తప్పదా? విప్పి మళ్లీ కుట్టమా?"

"విప్పి కుడతారు సరే. తప్పు కొలత మీరు తీసి, మీ దగ్గర పని నేర్చుకునేవాడిదని చెప్తారా?"

దర్జీ ముద్ద చేతిలో పట్టుకుని ఆగాడు. కూతురు తలెత్తి తల్లి మొహంలోకి చూసింది.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఇంకా వణుకుతున్నాయి. ఆ వణుకు ఎలాగూ తగ్గేది కాదని పొద్దుట్నుంచి చూసి చూసి తెలుసుకుంది. తగ్గేదాకా ఆగితే పెద్ద డాక్టరు రౌండ్సు అయిపోతాయి.

"రేపు పొద్దున ఏడింటికి నేను పిల్లల వార్డుకు వెళ్తున్నా," అంది మెల్లగా, ముగ్గురినీ చూస్తూ. "తప్పుల పుస్తకంలో ఆ పిల్ల పేరు పక్కన నా పేరు రాసి సంతకం పెడతా. లెక్క చెప్పింది నేను, సగమే చెప్పింది నేనని. ఎర్ర గీత వద్దని అక్కని అడుగుతా. అక్కణ్నుంచి ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికెళ్లి, కమిటీకి కూడా నేనే చెప్తానని చెప్తా. ఈ పద్ధతి మంచిదే. కానీ పిల్లలు వార్డుకెళ్లే ముందే ఒకసారి మా మొహం చూసి అడిగేలా ఉండాలి, అది కూడా చెప్తా. తర్వాత ఉంచుతారో, పొమ్మంటారో వాళ్లిష్టం."

దర్జీ చేతిలో ముద్దను తిరిగి కంచంలో పెట్టాడు.

"ఏడింటికంటే ఆరున్నరకే బయల్దేరాలి," అన్నాడు. "సిగ్నలు దగ్గర ఆలస్యమవుతుంది."